యోబు కథలో చీమ లేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు దాదాపు ఒకే సంగతి అడిగాయి. మన విశ్వాసానికీ, అవ్వ చెప్పే కథకీ తేడా ఏమిటని. మొదటి ఉత్తరానికే ఎక్కువ చోటు తీసుకుంటున్నాను, మిగతా ఇద్దరూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. మా ఆయనది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. పెళ్లయ్యాక ఇటు కాశీనగర్ వచ్చేశాం. రెండేళ్లుగా ఆయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్ చేయిస్తున్నాం. ఉపవాసాలు ఉన్నాను, రాత్రంతా ప్రార్థన చేశాను, ఏమీ మారలేదు. సాక్ష్యాల కూటంలో అందరికీ అద్భుతాలే జరుగుతాయి, నా వంతు వచ్చేసరికి తల దించుకుంటాను. మొన్న ఒకావిడ, "నీ విశ్వాసంలో ఎక్కడో లోపముంది, ఏ పాపం అడ్డుపడుతోందో చూసుకో" అంది. మా పెద్దోడు ఇంటర్ చదువుతున్నాడు. "అమ్మా, ఇదంతా పేదరాశి పెద్దమ్మ కథలాంటిదే, చివర్లో అంతా బాగుంటుందని చెప్పి నిద్రపుచ్చుతారు" అంటున్నాడు. వాడికి ఏం చెప్పాలి? — ఒక సోదరి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. వాడికి చెప్పడం సంగతి తర్వాత, ముందు మీకు రెండు మాటలు చెప్పాలి. డయాలసిస్ ఒక్కసారి కూడా మానకండి, స్వస్థత ప్రార్థన జరిగింది కదా అని ఎవరు చెప్పినా మానకండి. ఇంకోటి, చూడటానికి వచ్చేవాళ్లు ప్రేమతో కొబ్బరిబొండాలు, అరటిపళ్లు తెస్తారు, ఉద్దానం చుట్టాలైతే మరీను. డయాలసిస్ మీద ఉన్న మనిషికి అవి మంచివి కావు. వాటిలో పొటాషియం ఎక్కువ, పనిచేయని కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె మీదికి వస్తుంది. డాక్టరుగారిని అడిగి, ఏం తినొచ్చో ఏం తినకూడదో ఒక కాగితం మీద రాయించుకుని తలుపు పక్కన అంటించండి. వచ్చినవాళ్లు అది చదివి బొండాలు పిల్లలకి ఇచ్చేస్తారు, మీరు కాదనాల్సిన ఇబ్బంది ఉండదు.

ఇక మీవాడి మాట. వాడు అన్నదాంట్లో సగం నిజముంది, అందుకని కసురుకోకండి. మనం కొన్ని చోట్ల సువార్తని నిజంగానే అవ్వ కథలా చేసి చెబుతున్నాం. కష్టం వచ్చింది, ప్రార్థన చేశాను, కష్టం పోయింది, హల్లెలూయ. కథ కంచికి, మనం ఇంటికి. ఇంటికి వెళ్లాక మంచం మీద మీ ఆయన వాచిన కాళ్లతో అలాగే ఉంటారు. ఆ కథ ఇంట్లోకి రాలేదు, కంచికే పోయింది. మీ అబ్బాయికి కోపం అక్కడే వచ్చింది.

మీకు ఏడు చేపల కథ గుర్తుందా? రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెచ్చారు, ఎండబెట్టారు, ఒక చేప ఎండలేదు. చేపా చేపా ఎందుకు ఎండలేదు? గడ్డిమేటు అడ్డొచ్చింది. గడ్డిమేటా ఎందుకు అడ్డొచ్చావు? ఆవు మెయ్యలేదు. ఆవా? పాలేరు మేపలేదు. పాలేరా? అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వా? పిల్లాడు ఏడ్చాడు. పిల్లాడా? చీమ కుట్టింది. చీమా చీమా ఎందుకు కుట్టావు? నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా! నేను ఈ కథని ఇంట్లో వందసార్లు చెప్పి ఉంటాను. పిల్లలకి అంత ఇష్టం ఎందుకంటే, అందులో అడిగిన ప్రతి ఎందుకుకీ ఒక జవాబుంది, జవాబు వెనక ఇంకో జవాబుంది, అలా పోతూ పోతూ చివరికి ఒక చీమ దొరుకుతుంది. దొరికాక ఇంక అడగడానికేమీ ఉండదు.

మీకు లోపముందని చెప్పిన ఆవిడ చేసింది అదే, చీమని వెతికింది. చేప ఎండలేదంటే ఎక్కడో ఎవరో పుట్టలో వేలు పెట్టే ఉంటారని ఆవిడ లెక్క. ఆవిడ చెడ్డమనిషని నేను అనను, ఆవిడకీ భయమే, కారణం తెలిస్తే అది తన ఇంటికి రాకుండా చూసుకోవచ్చని. శిష్యులు కూడా అదే అడిగారు కదా, పుట్టుగుడ్డివాణ్ణి చూసి, వీడు చేసిన పాపమా, కన్నవాళ్లు చేసిన పాపమా అని. యేసుప్రభువు రెండూ కాదన్నాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయినప్పుడూ అంతే, వాళ్లు మిగతా యెరూషలేము వాళ్లకంటే పాపులనుకుంటున్నారా, కాదు అని తేల్చేశాడు. ఆవిడకి ఈ రెండు చోట్లూ (యోహాను 9, లూకా 13) చూపించండి, గొడవ పడకుండా, నెమ్మదిగా.

ఉద్దానం సంగతే చూడండి. కొబ్బరితోటలు, జీడితోటలు, మంచిగాలి, పక్కనే సముద్రం, ఊరికి ఊరు కిడ్నీ జబ్బుతో మంచమెక్కింది. అక్కడి నీళ్లు, మట్టి, తిండి అన్నీ ఏళ్ల తరబడి పరీక్షించారు, పరీక్షిస్తూనే ఉన్నారు, ఇదీ కారణం అని ఇప్పటికీ తేలలేదు. పెద్ద పెద్ద సైంటిస్టులకే దొరకని కారణాన్ని ఆవిడ మీ ప్రార్థనగదిలో ఒక్క పూటలో కనిపెట్టేసింది! పోనీ పాపమే కారణమైతే, కవిటి, సోంపేట, మందస పాపం చేసి మన కాశీనగర్, పర్లాకిమిడి చేయలేదా?

యోబు గ్రంథం మీ అబ్బాయితో కలిసి చదవండి. రోజుకి రెండు అధ్యాయాలు చాలు. ఏ తప్పూ చేయకుండానే ఆస్తినీ, పిల్లల్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి ముగ్గురు స్నేహితులు, ఎలీఫజు, బిల్దదు, జోఫరు, వచ్చి ముందు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నేల మీద కూర్చున్నారు, ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్లు చేసిన మంచిపని అదొక్కటే. నోరు తెరిచాక చీమ కోసం తవ్వడం మొదలుపెట్టారు, నువ్వు ఏదో చేసి ఉంటావు, నీ పిల్లలు ఏదో చేసి ఉంటారు అని. యోబు ఒప్పుకోలేదు, దేవుణ్ణే నిలదీశాడు, మనం చర్చిలో పైకి అనలేని మాటలు అన్నాడు. చివరికి దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడితే, అమ్మా, ఇది జాగ్రత్తగా చూడండి, ఎందుకు అన్నదానికి జవాబు చెప్పలేదు. మొదటి రెండు అధ్యాయాల్లో పైన పరలోకంలో దేవుడికీ సాతానుకీ మధ్య జరిగిన సంభాషణ చదివే మనకి తెలుసు గానీ, యోబుకి చివరి పేజీ దాకా తెలియదు. యోబు కథలో చీమ లేదు. కానీ దేవుడు వచ్చాడు, మాట్లాడాడు, పైగా నన్ను గురించి సరిగ్గా మాట్లాడింది యోబే, మీరు కాదు అని స్నేహితుల మీద కోపపడ్డాడు.

మీవాడు తెలివైనవాడైతే వెంటనే అంటాడు, ఆఖర్లో యోబుకి అన్నీ రెట్టింపు వచ్చాయి కదా, అది పేదరాశి పెద్దమ్మ ముగింపే కదా అని. లెక్కపెట్టమనండి. గొర్రెలు 7,000 ఉంటే 14,000 అయ్యాయి, ఒంటెలు 3,000 ఉంటే 6,000 అయ్యాయి. పిల్లలు? ముందు పదిమంది, తర్వాతా పదిమందే. చనిపోయిన పదిమంది లేచి రాలేదు. యోబు మిగతా 140 ఏళ్లూ ఆ పది సమాధులతోనే బతికాడు. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు, నాకు అవసరమైనప్పుడు నేనే చూసుకున్నాను.

ఆ అవసరం ఎలా వచ్చిందో రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను, రాస్తున్నాను. 1993 వానాకాలంలో మా రెండోవాడికి ఆరేళ్లు. మధ్యాహ్నం జ్వరం, రాత్రికి ఫిట్స్, మెదడు మలేరియా అన్నారు. మన కొండల కింద ఉండేవాళ్లకి ఆ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. అద్దె జీపులో బరంపురం పెద్దాసుపత్రికి తీసుకెళుతుంటే దారంతా మా ఆవిడ వాడి నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూనే ఉంది, గుడ్డ పిండిన నీళ్లు జీపు నేల మీద చిన్న కాలువలా అటూ ఇటూ పారుతుంటే నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. ప్రార్థన చేశానా అంటే చేశాను, ఏమని చేశానో గుర్తులేదు. మూడోరోజు తెల్లారుజామున వాడు వెళ్లిపోయాడు.

ఆ వారంలో ఇంటికి వచ్చిన ఒక ప్రసంగీకుడు (ఊరూ పేరూ ఎందుకు, ఆయన ఇప్పుడు లేడు) సేవకుడి ఇంట్లో ఇలా జరిగిందంటే దేవుడు ఏదో చెప్పాలనుకుంటున్నాడు అన్నాడు. మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. మర్నాడు కొండ మీది నుంచి ఒక సవర విశ్వాసి వచ్చింది, యాభై పైబడిన మనిషి, నాలుగు తెలుగు ముక్కలకి మించి రావు, నాకు సవర అంతకంటే తక్కువ. నెత్తి మీద గుడ్డమూటలో చోడిపిండి. మూట దించి, మా ఆవిడ పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. పొద్దున్న వచ్చిన మనిషి చీకటి పడే దాకా అలాగే ఉంది, మధ్యలో లేచి తనే అంబలి కాచి ఒక గ్లాసు మా ఆవిడ చేతికిచ్చి, తాగేదాకా గ్లాసు అడుగుని తన చేత్తో పట్టుకుంది. ఎందుకు జరిగిందో చెప్పలేదు, బాగుంటుందనీ చెప్పలేదు. నా విశ్వాసం ఆ రోజు పోకుండా ఉండటానికి నేను చదివిన చదువు కాదు కారణం, ఆ మనిషి.

కాబట్టి, అమ్మా, సాక్ష్యాల కూటంలో మీరు లేవండి. తల దించుకోకండి. "మా ఆయన బాగుపడలేదు, ఈ వారం కూడా డయాలసిస్‌కి వెళ్లాం, నేను ఇంకా ప్రార్థన చేస్తూనే ఉన్నాను" అని చెప్పి కూర్చోండి. అది సాక్ష్యమే. అపొస్తలుల కార్యాలు 12లో ఒకే అధ్యాయంలో హేరోదు రాజు యేసు శిష్యుల్లో యాకోబుని కత్తితో చంపించాడు, పేతురుని దూత చెరసాలలోంచి బయటికి తెచ్చాడు. అవ్వ కథ అయితే ఇద్దరినీ బయటికి తెచ్చేది. రాసిన లూకా ఆ తేడాకి కారణం చెప్పలేదు, దాచిపెట్టనూ లేదు. పేతురు తిరిగొచ్చిన సంతోషంలో ఇల్లంతా ఉన్నప్పుడు యాకోబు తల్లి ఏ మూల కూర్చుందో అని నేను చాలాసార్లు ఆలోచిస్తాను. మీ కూటంలో కూడా అలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు, మీరు లేస్తే వాళ్లూ తలెత్తుతారు.

మీ అబ్బాయిని నాకు ఉత్తరం రాయమనండి. వాడి కోపంతోనే రాయమనండి.

ప్రశ్న: అయ్యగారూ, నేను బరంపురంలో డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. మా రూమ్మేట్లు మంచివాళ్లే, కానీ "మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందంటే నవ్వుతావు, చనిపోయినవాడు మూడోరోజు లేచాడంటే నమ్ముతావా" అంటారు. ఏం చెప్పాలో తెలియక టెన్షన్ వస్తోంది. — ఒక తమ్ముడు

జవాబు: తమ్ముడూ, ముందుగా ఒక మాట, వాళ్ల ఇంటి కథల్ని, వాళ్ల దేవుళ్ల కథల్ని తీసిపారేసి గెలవాలని చూడకు. అది మర్యాద కాదు, ప్రేమ అంతకన్నా కాదు.

కథకీ, వాంగ్మూలానికీ చెప్పే తీరులోనే తేడా ఉంటుంది. "అనగనగా ఒక ఊళ్లో ఒక రాజు" అన్నప్పుడు ఏ ఊరు, ఏ సంవత్సరం అని ఎవరూ అడగరు, అడిగితే కథ పాడవుతుంది. మన ముసలివాళ్లు జరిగిన సంగతి చెప్పేటప్పుడు ఎలా చెబుతారో గమనించావా? మా తాతకి తన పెళ్లి సంవత్సరం తెలియదు, కానీ "చిన్నరైలు గుణుపురం దాకా వచ్చిన ఏడాది" అనేవాడు, అంటే 1931. "పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసిన ఏడాది మీ మేనత్త పుట్టింది" అనేవాడు, అంటే 1936. ఇప్పుడు లూకా 3వ అధ్యాయం తీసి మొదటి రెండు వచనాలు చదువు. తిబెరి కైసరు ఏలుబడిలో 15వ సంవత్సరం, యూదయకి పొంతి పిలాతు అధిపతి, గలిలయకి హేరోదు, ప్రధానయాజకులు అన్న, కయప. మా తాత మాట్లాడినట్టే ఉంది. ఆ పిలాతు పేరు చెక్కిన రాయి 1961లో కైసరయలో తవ్వకాల్లో దొరికింది. టాసిటస్ అనే రోమా చరిత్రకారుడు, క్రైస్తవులంటే ఏమాత్రం గిట్టనివాడు, రెండో శతాబ్దం మొదట్లో రాస్తూ, తిబెరి కాలంలో పిలాతు చేతిలో క్రీస్తుకి మరణశిక్ష పడిందని రాశాడు.

నాకు ఇంకా ఇష్టమైనది మార్కు 15:21. సిలువ మోయడానికి దారిన పోయే సీమోనుని పట్టుకున్నారు. ఎవరా సీమోను అంటే, "అలెక్సంద్రు, రూఫుల తండ్రి" అని రాశాడు మార్కు. ఆ ఇద్దరు కొడుకులకీ కథలో వేరే పనేమీ లేదు. మన వీధిలో "ఎవరూ, ఆ పోస్టుమాన్ వాళ్ల నాన్నా?" అన్నట్టు, చదివేవాళ్లకి ఆ కొడుకులు తెలుసు కాబట్టే అలా రాశాడనిపిస్తుంది. కావాలంటే వెళ్లి అడగండి అన్నట్టుంది ఆ మాట.

వీటివల్ల పునరుత్థానం రుజువైపోయిందని వాళ్లతో అనకు. పిలాతు రాయి పిలాతుకే రుజువు, ఖాళీ సమాధికి కాదు. లేచాడన్నది నమ్మాలి, నేనూ నమ్మే చెబుతున్నాను. కానీ ఆ సంగతి రాసినవాళ్లు కథ అల్లుతున్నవాళ్లలా రాయలేదు. అల్లేవాడైతే, ఆడవాళ్ల సాక్ష్యానికి విలువ తక్కువగా ఉన్న ఆ రోజుల్లో ముందుగా ఆడవాళ్లే చూశారని ఎందుకు రాస్తాడు? సంఘానికి పెద్దదిక్కు అయిన పేతురు ఒక పనిపిల్ల ముందు భయపడి మూడుసార్లు ఆయనెవరో నాకు తెలియదన్నాడని ఎందుకు రాస్తాడు? మాంత్రికుణ్ణి గెలిచిన రాజకుమారుడి ఒంటి మీద చివరికి ఒక్క గాయమూ ఉండదు. లేచిన ప్రభువు చేతుల్లో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి, తోమాని వేలు పెట్టి చూడమన్నాడు. తర్వాత సముద్రపు ఒడ్డున నిప్పుల మీద చేపలు కాల్చి, రండి భోజనం చేయండి అన్నాడు. గోపాలపురం ఒడ్డున తెల్లవారుజామున వల లాగి వచ్చినవాళ్లని ఎప్పుడైనా చూశావా, చలికి వణుకుతూ, ఆకలితో? వాళ్లకి ఎవరైనా కాల్చిన చేప పెడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది యోహాను 21.

పేతురు తన రెండో పత్రికలో ఇదే మాట ఎత్తాడు, చమత్కారంగా కల్పించిన కథలు మేం చెప్పలేదు, కళ్లారా చూసింది చెప్పాం అని. అంటే ఆ రోజుల్లోనూ ఈ ప్రశ్న అడిగారన్నమాట. నీకు టెన్షన్ ఎందుకు? జవాబు తెలియనప్పుడు తెలియదని చెప్పు, కలిసి చదువుదాం రమ్మను.

ప్రశ్న: రాయగడలో సండేస్కూల్ చెబుతాను. పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, తెలుగు మాట్లాడతారు గానీ రాయలేరు, చదవలేరు. ఇంట్లో నాయనమ్మలు రాజకుమారుడి కథలు చెబుతారు, పిల్లలు దావీదునీ ఆ రాజకుమారుణ్ణీ ఒకటే అనుకుంటున్నారు. ఆ కథలు మాన్పించమని తల్లిదండ్రులకి చెప్పమంటారా? — ఒక సోదరి

జవాబు: వద్దమ్మా, మాన్పించకండి. మన పిల్లలకి తెలుగు మిగిలిందంటే ఆ నాయనమ్మల నోటి వల్లే. కథ కథే, దాంట్లో తప్పేమీ లేదు.

కాకపోతే మీరు చెప్పేటప్పుడు "అనగనగా" అని మొదలుపెట్టకండి. "బేత్లెహేము అనే ఊళ్లో యెష్షయి అనే ఆయనకి ఎనిమిదిమంది కొడుకులు, అందరికంటే చిన్నవాడు గొర్రెలు కాసేవాడు" అని మొదలుపెట్టండి. గోడ మీద మ్యాపు పెట్టి ఊరు చూపించండి, పక్కనే రాయగడ ఎక్కడుందో కూడా చూపించండి. గొల్యాతు పడిపోగానే ఆపేయకండి. మనం చేసే పొరపాటు అదే, ఏడాది తర్వాత ఏడాది వడిసెల దగ్గరే ఆపేస్తాం, అందుకే రాజకుమారుడిలా కనబడుతున్నాడు. దావీదు తప్పు చేశాడని, సొంత కొడుకు అబ్షాలోము తిరగబడ్డాడని, ఆ కొడుకు చనిపోతే గుమ్మం పైగదిలోకి వెళ్లి పేరుపెట్టి పిలుస్తూ ఏడ్చాడని పదేళ్లు దాటిన పిల్లలకి చెప్పొచ్చు. తట్టుకుంటారు. ఇళ్లల్లో వాళ్లు చూస్తున్నదాని కంటే అదేం ఎక్కువ కాదు, నాన్న సూరత్‌లో, అమ్మ ఒక్కతీ ఇక్కడ, అన్నీ చూస్తూనే ఉన్నారు.

యేసుప్రభువు కూడా కథలు చెప్పాడు కదా, ఉపమానాలు. తప్పిపోయిన కుమారుడి కథని ఆయన ముగించకుండా వదిలేశాడు, గమనించారా? చిన్నవాడు తిరిగొచ్చాడు, లోపల విందు, పెద్దవాడు కోపంతో వాకిట్లోనే నిలబడ్డాడు, తండ్రి బయటికొచ్చి బతిమాలుతున్నాడు. లోపలికి వెళ్లాడా లేదా చెప్పలేదు. మీ క్లాసులో అక్కడ ఆపి, తర్వాత ఏమైందో పిల్లల్ని అడగండి. నేను ఒకసారి అడిగితే ఒకడు వెళ్లడన్నాడు, ఇంకొకడు వాళ్ల నాన్న కొట్టి తీసుకెళతాడన్నాడు. వెనక వరుసలో ఒక పిల్ల, తమ్ముణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని వాడికి జంతికముక్క తినిపిస్తూ, "రాత్రయితే ఆకలేస్తాది కదండీ, అప్పుడెళ్తాడు" అంది.